ముక్కాలి బండికి పవర్ స్టీరింగ్ మారిస్తే నడక ఎందుకు మారుతుంది?



మన సభ్యుల్లో ఒకాయన కొడుకు అమెరికాలో ఉన్నాడు. ఆ అబ్బాయి దగ్గర మూడు చక్రాల మోటారు సైకిలు ఉంది. ముందర రెండు చక్రాలు, వెనక ఒకటి. దాని పవర్ స్టీరింగ్ చెడిపోతే కొత్తది వేయించినాడంట. వేయించినాక "ఇది నా బండి మాదిరే లేదు, ఇంకెవరిదో నడిపినట్టు ఉంది" అంటున్నాడంట. తండ్రి నన్ను పట్టుకొని, "అన్నా, నువ్వు రైల్వేలో ఉండినావు కదా, ఒక్క సామాను మారిస్తే బండి నడకే మారిపోతుందా?" అని అడిగినాడు.

నేను పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, షెడ్డులో స్పానర్ పట్టినవాణ్ణి కాదు. అయినా ప్రశ్న మంచిది. కూర్చొని చదివితే దాని వెనక 200 ఏళ్ళ కథ కనిపించింది. ఆ కథ జర్మనీలో మొదలై, కెనడా మంచులో తిరిగి, మన హోసూరు రోడ్డు మీదికే వచ్చింది. మనవాళ్ళు కొందరు దినమూ నడిపే సైడు చక్రాల స్కూటరుకు కూడా ఆ కథతో సంబంధం ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముక్కాలి పీట లెక్క

తమిళంలో ముక్కాలి, తెలుగులో ముక్కాలి పీట. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళ పీట కదలదు. నాలుగు కాళ్ళ పీట మాత్రం టకటకా ఆడుతుంది. అది ముక్కాలి గొప్ప. కానీ దాని మీద కూర్చొని రెండు కాళ్ళ నడిమి అంచుకు ఒరిగితే పీటా మనమూ కింద ఉంటాం. అది దాని బలహీనత.

మూడు చక్రాల బండి అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. మన ఆటోకు ముందర ఒక చక్రం, వెనక రెండు. మలుపులో ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకూ పక్కకూ తోసుకొస్తుంది. అక్కడ ఆనుకోవడానికి చక్రం లేదు. అందుకే ఆటో ముందు మూలకు ఒరుగుతుంది. అదే ముందర రెండు చక్రాలు, వెనక ఒకటి పెడితే బ్రేకు వేసినప్పుడు బరువు వచ్చే చోట రెండు కాళ్ళు ఉంటాయి. నిలకడ ఎక్కువ. మరి అందరూ అట్లే ఎందుకు చేయలేదు? ఎందుకంటే ముందర రెండు చక్రాలు పెడితే వాటిని తిప్పడం కష్టం.

బెంజ్ ఒక్క చక్రంతో ఎందుకు సరిపెట్టుకున్నాడు

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటు అడిగిన మొదటి మోటారు బండికి మూడే చక్రాలు. ముందర ఒకటి. నాలుగో చక్రం తగిలించడం చేతకాక కాదు. ముందర రెండు చక్రాలుంటే మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరగాలి, బయటి చక్రం తక్కువ తిరగాలి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. అప్పటికి ఉన్న స్టీరింగ్ పద్ధతులు ఏవీ బెంజ్‌కు నచ్చలేదు. అందుకని ఒక్క చక్రం పెట్టి సమస్యను పక్కన పెట్టినాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ప్ఫోర్జ్‌హైమ్ దాకా, అంటే 100 కిలోమీటర్లకు పైగా, నడిపింది ఇట్లాంటి మూడు చక్రాల బండే.

విచిత్రం ఏమంటే ఈ చిక్కుకు జవాబు గుర్రపుబండ్ల కాలంలోనే ఉంది. మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల పనివాడు రెండు చక్రాలూ వేరువేరు కోణాల్లో తిరిగే ఏర్పాటు కనిపెట్టినాడు. 1818లో లండన్‌లో ఆకర్‌మన్ అనే ఆయన దానికి పేటెంటు తీసినాడు. ఇప్పటికీ పుస్తకాల్లో ఆకర్‌మన్ పేరే ఉంది, చేసినవాడి పేరు వెనకబడిపోయింది. బెంజ్ తన పద్ధతిలో దాన్ని మళ్ళీ సాధించి 1893లో పేటెంటు తీసుకొని, అప్పుడు నాలుగు చక్రాల బండి చేసినాడు.

ఆ తర్వాత మూడు చక్రాల బండ్లు రెండు దారుల్లో పోయినాయి. ఫ్రాన్స్‌లో లియోన్ బోలే 1895లో, ఇంగ్లండులో మోర్గన్ 1909లో ముందర రెండు చక్రాలు పెట్టినారు. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ 1932లో తెచ్చిన సర్వీ కార్‌కూ, ఇటలీలో పియాజియో 1948లో తెచ్చిన ఆపేకూ ముందర ఒక్కటే. మన దేశంలో బజాజ్ 1959లో రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లకు లైసెన్సు తీసుకొని ఈ రెండో దారే పట్టింది. 1980లో టీవీఎస్ 50 పుట్టిన మా హోసూరులో తర్వాత తయారైన కింగ్ ఆటో కూడా ఆ వంశమే. ఒక చక్రాన్ని తిప్పడం తేలిక, ఖర్చు తక్కువ, సందులో కూడా మలుచుకోవచ్చు. బాడుగ బండికి అదే ముఖ్యం.

కెనడా మంచులో పుట్టిన ఆకారం

అమెరికా అబ్బాయి బండి కెనడా కంపెనీది. క్యూబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే చిన్న ఊరు దాని పుట్టిల్లు. రైల్వేలో పని చేసినవాళ్ళకు బొంబార్డియర్ పేరు తెలిసే ఉంటుంది. ఢిల్లీ మెట్రో పెట్టెలు చేసినవాళ్ళు, గుజరాత్‌లో సావ్లీ దగ్గర ఫ్యాక్టరీ పెట్టినవాళ్ళు. ఆ రైలు వ్యాపారం 2021లో ఆల్‌స్టోమ్ చేతికి పోయింది. ఆ కంపెనీ మొదలుపెట్టిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ 1907లో వాల్కూర్‌లోనే పుట్టిన మెకానిక్కు. 1934 చలికాలంలో ఆయన చిన్న కొడుక్కు జబ్బు చేస్తే, రోడ్లన్నీ మంచులో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకుపోలేక బిడ్డ చనిపోయినాడు. మంచు మీద పోయే బండి చేయాలనే పని ఆయన అంతకుముందే పట్టుకున్నాడు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. 1959లో స్కీ డూ అనే చిన్న మంచుబండి వచ్చింది. దానికి ముందర రెండు చెక్క స్కీలు, వెనక ఒక పట్టా. నడిపేవాడు గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చొని హ్యాండిల్ పట్టుకోవాలి.

ఇప్పుడు స్కీల చోట చక్రాలు, పట్టా చోట ఒక చక్రం ఊహించండి. అదే కెన్ యామ్ స్పైడర్. మంచుబండ్ల వ్యాపారం 2003లో బొంబార్డియర్ నుంచి విడిపోయి బీఆర్‌పీ అయింది. ఆ బీఆర్‌పీ 2007లో స్పైడర్‌ను చూపించింది. మొదటి బండికే పవర్ స్టీరింగ్ ఉంది. మోటారు సైకిలు మాదిరి హ్యాండిల్ ఉన్న బండికి పవర్ స్టీరింగ్ ఎందుకు అని మనకు అనిపిస్తుంది. అక్కడే అసలు సంగతి ఉంది.

హ్యాండిల్ ఎందుకు బరువు

కారులో స్టీరింగ్ చక్రాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మూడు చుట్లయినా తిప్పుతాం. పళ్ళచక్రాలు ఆ మూడు చుట్లను చిన్న కదలికగా మార్చి, మన బలాన్ని పది పదిహేనింతలు పెంచుతాయి. హ్యాండిల్‌తో అట్లా కుదరదు. చేతులు ఒకదాని మీద ఒకటి వేసి చుట్లు తిప్పలేం కదా. హ్యాండిల్ కొంచెం తిరిగితే చక్రాలూ దాదాపు అంతే తిరగాలి. అంటే బలం పెరగదు. ముందర రెండు చదునైన టైర్లు, 300 కిలోలకు పైగా బండి. నిలబడి ఉన్నప్పుడు ఆ రెండు టైర్లనూ రోడ్డు మీద తిప్పాలంటే చేతులకు సాధ్యం కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. రెండు చక్రాల మోటారు సైకిలు మలుపులో ఒరుగుతుంది. వేగంగా పోయేటప్పుడు ఎడమకు పోవాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొంచెం ముందుకు తోస్తాం. మనకు తెలియకుండానే చేస్తాం. బండి ఎడమకు ఒరిగి తిరుగుతుంది. ఒళ్ళు కూడా బండితో పాటు ఒరుగుతుంది కాబట్టి మనల్ని బయటికి విసిరేసినట్టు అనిపించదు. స్పైడర్ ఒరగదు. ఎడమకు పోవాలంటే హ్యాండిల్ ఎడమకే తిప్పాలి. అప్పుడు ఒళ్ళు కుడిపక్కకు విసురుతుంది. కొత్తవాడు పడిపోకుండా హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాడు. అట్లా పట్టుకున్న చేతుల నుంచి ఒంటి బరువు హ్యాండిల్‌లోకి దిగుతుంది. అడగని మలుపు అదే ఇస్తుంది. బండి మలుపులో నత్తినత్తిగా, ముక్కలుముక్కలుగా తిరుగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. హ్యాండిల్ మరీ బరువుగా ఉంటే తిప్పలేం. మరీ తేలికగా ఉంటే ఒంటి ఊగు కూడా మలుపుగా మారిపోతుంది. నిదానంగా పోయేటప్పుడు చానా సాయం కావాలి, వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గాలి. ఒకే రకం సాయం చేసే యంత్రం ఇక్కడ పనికిరాదు. అదే బీఆర్‌పీ తర్వాత రైకర్ అనే తేలికైన చిన్న బండిని పవర్ స్టీరింగ్ లేకుండా చేసింది. అంటే ఇది షోకు కోసం పెట్టింది కాదు, బరువు చూసి పెట్టింది.

సాయం చేసే చెయ్యి ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు పియర్స్ ఆరో కంపెనీ లారీల సంగతి చూసేవాడు. ఆ లారీల స్టీరింగ్ తిప్పడానికి డ్రైవర్లు పడే అవస్థ చూసి, నూనె ఒత్తిడితో పని చేసే పవర్ స్టీరింగ్ తయారుచేసి 1926లో ఒక కారుకు బిగించి చూపించినాడు. పెద్ద కంపెనీలు ఖర్చు చూసి వెనకాడినాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు అది పనికొచ్చింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో మామూలు జనం చేతికి వచ్చింది. 1970లో సిట్రోయెన్ ఎస్ఎమ్ కారు వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ గట్టిపడే ఏర్పాటు తెచ్చింది. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుకు నూనె తీసేసి కరెంటు మోటారు పెట్టినారు.

ఆ కరెంటు మోటారే మూడు చక్రాల బండికి దారి చూపింది. ఇక్కడ మనవాళ్ళ మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో మొదటి కరెంటు మోటారును 1937లో కోయంబత్తూరులో చేసినవాళ్ళు జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు ఇళ్ళ బిడ్డలు. వాళ్ళ మోటార్లు బావిలో నీళ్ళు తోడటానికి. స్టీరింగ్ మోటారుది వేరే పని, అది చేతి మాట విని సాయం చేయాలి.

ఎట్లా వింటుందంటే, హ్యాండిల్ కింది కడ్డీలో ఒక సన్న భాగం ఉంటుంది. మనం హ్యాండిల్ తిప్పితే అది కొంచెం మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో సెన్సార్ కొలుస్తుంది. బండి వేగం ఎంతో ఇంకో సెన్సార్ చెబుతుంది. రెండూ చూసి చిన్న కంప్యూటర్ మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. అంటే మన చేతికీ రోడ్డుకూ నడుమ ఒక దుబాసీ కూర్చున్నాడు. దుబాసీని మారిస్తే మాట తీరు మారుతుంది. ఆ అబ్బాయికి జరిగింది అదే.

మార్చినాక ఏమేమి మారుతుంది

మొదటిది, అలవాటు. పవర్ స్టీరింగ్ ఒక్కరోజులో చావదు. కొన్ని నెలలు కొంచెంకొంచెంగా సాయం తగ్గుతూ వస్తుంది. మన భుజాలు అంతకంత బలం పెట్టడం నేర్చుకుంటాయి. కొత్తది వచ్చినాక కూడా భుజాలు పాత బలమే పెడతాయి. బండి అవసరానికి మించి తిరుగుతుంది. ఇది బండి జబ్బు కాదు. రెండు మూడు దినాలు ఖాళీ చోట నిదానంగా నడిపితే పోతుంది.

రెండోది, సున్నా. మెలిక కొలిచే సెన్సార్‌కు "ఎవరూ తిప్పడం లేదు" అనే స్థితి ఏదో నేర్పించాలి. కంపెనీ కంప్యూటర్ తగిలించి చేసే పని అది. అంగట్లో తక్కెడకు ముల్లు సరిచేసినట్టే. సున్నా కొంచెం తప్పితే, చెయ్యి వదిలినా ఎవరో తిప్పుతున్నారని అనుకొని మోటారు ఒకపక్కకు తోస్తూనే ఉంటుంది. రోజంతా నడిపితే ఒక భుజమే నొప్పి పుడుతుంది.

మూడోది, నడిమి చోటు. పాతది ఊడదీసి కొత్తది బిగించేటప్పుడు కడ్డీ పళ్ళు ఒక్క పన్ను పక్కకు పడినా, బండి నేరుగా పోతున్నప్పుడు హ్యాండిల్ వంకరగా ఉంటుంది. చూడటానికి చిన్న తప్పు. కానీ ఈ బండికి జారకుండా కాపాడే కంప్యూటర్ ఇంకొకటి ఉంది. హ్యాండిల్ ఎటు తిరిగిందో, బండి నిజంగా ఎటు పోతుందో అది పోల్చి చూస్తుంది. హ్యాండిల్ లెక్క తప్పితే బండి జారుతోందని పొరబడి, అక్కరలేని చోట ఇంజను నొక్కిపెట్టవచ్చు, ఒక చక్రానికి బ్రేకు వేయవచ్చు. మలుపు నడుమ అట్లా జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మార్చినాక ఈ కొలతలన్నీ మళ్ళీ పెట్టించక తప్పదు.

నాలుగోది, పాత ఆటం. చక్రాలను తిప్పే కడ్డీల చివర గుండ్రటి కీళ్ళు ఉంటాయి. అవి అరిగి ఉంటే హ్యాండిల్ బరువుగా ఉన్నప్పుడు తెలియదు. కొత్త మోటారు చెయ్యి తేలిక చేయగానే ఆ వదులు చేతికి అందుతుంది. కొత్త సామాను చెడ్డదని తిడతాం. తప్పు పక్కవాడిది.

ఐదోది, బ్యాటరీ. ఈ మోటారు బండి నిలబడి ఉన్నప్పుడు హ్యాండిల్ తిప్పితే చానా కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసపడినా, ఎర్త్ వైరు వదులైనా సాయం తగ్గుతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. వేలు పోసి పవర్ స్టీరింగ్ మార్చేముందు చూడాల్సింది బ్యాటరీనే.

రైల్వేలో నేను విన్న ఒక సంగతి ఇక్కడ సరిపోతుంది. రైలు చక్రానికి స్టీరింగ్ లేదు. చక్రం అంచు చదునుగా ఉండదు, 20కి 1 చొప్పున ఏటవాలుగా ఉంటుంది. పెట్టె పక్కకు జరిగితే ఒక చక్రం పెద్ద చుట్టు మీద, ఇంకొకటి చిన్న చుట్టు మీద తిరిగి, దానంతట అదే నడిమికి వస్తుంది. మోటారు సైకిలుకు ముందు ఫోర్కు వాలు ఆ పని చేస్తుంది. వదిలేస్తే హ్యాండిల్ నేరుగా అవుతుంది. పవర్ స్టీరింగ్ మోటారు, దాని పళ్ళచక్రాలు ఈ తిరిగివచ్చే గుణాన్ని కొంచెం పట్టి ఆపుతాయి. ఆ రాపిడి పాతదానిలో ఒక తీరు, కొత్తదానిలో ఒక తీరు. మలుపు దాటినాక హ్యాండిల్ తనంతట రావడం లేదని అబ్బాయికి అనిపిస్తే మొదట అడగాల్సింది దీని గురించే.

మన రోడ్డు మీది ముక్కాలి

"అమెరికా బండి సంగతి మాకెందుకు" అనేవాళ్ళు ఉంటారు. మన సంఘంలోనే పోలియో వచ్చినవాళ్ళు, ప్రమాదంలో కాలు పోయినవాళ్ళు సైడు చక్రాలు బిగించిన స్కూటర్లు నడుపుతున్నారు. తమిళనాడు ప్రభుత్వం కూడా అట్లాంటి స్కూటర్లు ఉచితంగా ఇస్తోంది. సైడు చక్రాలు పెట్టినాక స్కూటరు ఒరగదు. అంటే అది కూడా స్పైడర్ జాతిలో చేరిపోయింది. హ్యాండిల్ తిప్పే తీరు మారింది, ఒళ్ళు బయటికి విసరడం వచ్చింది. కానీ దానికి పవర్ స్టీరింగ్ లేదు, కంప్యూటర్ లేదు, జారకుండా కాపాడేది ఏమీ లేదు. ఉన్నవి నడిపేవాడి రెండు చేతులే.

నాతో పార్సిల్ ఆఫీసులో పని చేసిన ఒకాయనకు చిన్నప్పుడే పోలియో. సైడు చక్రాల స్కూటరులో వచ్చేవాడు. కొన్నాళ్ళు హ్యాండిల్ ఎడమకు లాగుతోందని, సాయంకాలానికి కుడి భుజం పనికిరావడం లేదని బాధపడినాడు. హ్యాండిల్ కోన్ సెట్టు మార్పించినాడు, ముందు టైరు మార్పించినాడు. లాగడం పోలేదు. చివరికి పంక్చరు అంగడి పిల్లోడు ఎడమ సైడు చక్రంలో గాలి సగం కూడా లేదని చూపించినాడు. గాలి కొట్టించినాక లాగడం ఆగింది. మన రోడ్లు కూడా నీళ్ళు పారడానికి ఎడమకు వాలుగా ఉంటాయి, గాలి తక్కువైన చక్రం దానికి తోడైంది. అమెరికాలో కుడిపక్క నడుపుతారు కాబట్టి అక్కడ రోడ్డు కుడికి లాగుతుంది. ఆ అబ్బాయి బండి కుడికి లాగితే, వాలు లేని చదును చోట ఒకసారి నడిపి చూసుకొని ఆ తర్వాతే మెకానిక్కును అడగాలి.

రెండు చక్రాల బండి నడపలేనివాడికి ఈ ముక్కాలే బజారుకూ, ఆఫీసుకూ, గుడికీ దారి. హ్యాండిల్ ఒకపక్కకు లాగితే వాడు దాన్ని తన ఒంటి లోపం అనుకొని ఊరుకుంటాడు. మా ఆఫీసు ఆయన కూడా చానా నాళ్ళు అట్లే అనుకున్నాడు. అందుకే ఇంత రాసినాను.

వచ్చే నెల సంఘం కూటానికి సైడు చక్రాల స్కూటర్లు ఉన్నవాళ్ళు బండ్లు వేసుకొని రండి. గాలి కొలిచే మీటరు నేను తెస్తాను. మూడు చక్రాల్లోనో, నాలుగు చక్రాల్లోనో, ఎన్ని ఉంటే అన్నింట్లో గాలి చూద్దాం. హ్యాండిల్ ఆటం చూద్దాం, సైడు చక్రాల బోల్టులు చూద్దాం. ఖాళీ మైదానంలో నేరుగా ఒకసారి, ఎనిమిది అంకె మాదిరి ఒకసారి నడిపి చూద్దాం. అరగంట పని. ఆటో నడిపే తమ్ముళ్ళు ఒకరిద్దరు వస్తే ఇంకా మంచిది, మలుపులో బ్రేకు ఎక్కడ వేయకూడదో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

అమెరికా అబ్బాయికి తండ్రి ద్వారా నేను పంపిన జవాబు ఇది. బాబూ, బండి మారలేదు, నీ చేతికీ రోడ్డుకూ నడిమి దుబాసీ మారినాడు. సున్నా పెట్టినారా, నడిమి చోటు చూసినారా, బ్యాటరీ చూసినారా అని అడుగు. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే మలుపులో హ్యాండిల్‌ను వదులుగా పట్టుకొని, కాళ్ళతో బండిని ఆనుకొని కూర్చో. వారం దినాల తర్వాత కూడా వేరేవాళ్ళ బండి మాదిరే ఉంటే, ఎంత దూరమైనా సరే మళ్ళీ తీసుకుపోయి చూపించు.